నీటి తొట్లు కడిగే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డెంగీని వ్యాప్తి చేసే ఏడిస్ దోమ తన గుడ్లను నీటి మధ్యలో కాక, నీటిమట్టానికి కాస్త పైన తడిగా ఉండే తొట్టి గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నీరు లేకపోయినా నెలల తరబడి నిలిచి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి కనుక, నీళ్లు పారబోసి ఊరుకుంటే సగం పనే అయినట్లు. గట్టి బ్రష్షునో కొబ్బరి పీచునో ముందే సిద్ధం చేసుకొని లోపలి గోడలను అంచు వరకు రుద్దాలి. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒక రోజును ఈ పనికే కేటాయించుకోవాలి.

ఈ దోమ పగటిపూట కుడుతుంది. నిండు చేతుల దుస్తులు వేసుకోవాలి. పురుగులున్న నీటిని మురుగు కాలువలో కాక ఎండ తగిలే పొడి నేలపై పారబోయాలి. కూలరును, ఫ్రిజ్ వెనుక నీటి పళ్లేన్ని (దీన్ని దాదాపు అందరూ మరచిపోతారు) శుభ్రం చేసే ముందు ప్లగ్గు తీసివేయాలి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో కలిపితే విషవాయువు వెలువడుతుంది కనుక ఆ రెండింటినీ ఎన్నడూ కలపరాదు. సంపులోకి ఒంటరిగా దిగరాదు.

ఇంట్లో డెంగీ జ్వరంతో ఉన్నవారిని కుట్టిన దోమ ఇతరులకు వ్యాధిని అంటించగలదు కాబట్టి, పని మొదలుపెట్టే ముందే వారిని దోమతెరలో ఉంచాలి.