వాగు నీటి ప్రమాణాలపై అభ్యంతరం ఎవరికి, ఎప్పుడు పంపాలి: వాషింగ్టన్ రాష్ట్రవాసులకు

ఇంటి పక్కన పారే వాగు గురించో, చెరువు గురించో ఫిర్యాదు చేయాలనుకున్నప్పుడు చాలామందికి మొదట గుర్తుకొచ్చేది ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. అయితే ఆ వాగుకు వర్తించే నిబంధనను రాసేది సాధారణంగా ఈపీఏ కాదు, రాష్ట్రమే.

ముందుగా మీ సమస్య ఏ చట్టం కిందికి వస్తుందో తేల్చుకోవాలి. కుళాయి నీటి విషయమైతే 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం వర్తిస్తుంది. అందులో పరిమితులను ఈపీఏ నిర్ణయిస్తే, వాటి అమలును ఎక్కువగా రాష్ట్రాలు చూసుకుంటాయి. నదులు, వాగులు, సరస్సుల విషయంలో 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ ఇందుకు భిన్నమైన పద్ధతిని పెట్టింది: ప్రమాణాలను రాష్ట్రం రూపొందిస్తుంది, ఈపీఏ పరిశీలించి ఆమోదిస్తుంది లేదా తిరస్కరిస్తుంది.

తర్వాత వాషింగ్టన్ పరిపాలనా నియమావళిలోని 173-201ఏ అధ్యాయం తెరిచి, మీ వాగుకు ఏయే ఉపయోగాలను (ఈత, చేపల ఆవాసం వంటివి) నిర్దేశించారో చూడండి. కాలుష్య పరిమితుల అంకెలకంటే ముందు దీన్నే చదవాలని నా సలహా, ఎందుకంటే ఆ అంకెలు ఉపయోగాన్ని బట్టే మారతాయి. వేసవిలో సాల్మన్ జాతి చేపలకు ముఖ్య ఆవాసంగా గుర్తించిన నీటిలో రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతల ఏడు రోజుల సగటు 16 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఆ చేపలు గుడ్లు పెట్టి, పెరిగి, వలస వెళ్లే నీరుగా మాత్రమే గుర్తిస్తే ఆ పరిమితి 17.5 డిగ్రీలు. అంటే వాగు ఏ వర్గంలో ఉందన్న ఒక్క నిర్ణయంతోనే ఒకటిన్నర డిగ్రీల తేడా వస్తుంది.

రాష్ట్రాలు కనీసం మూడేళ్లకోసారి ఈ ప్రమాణాలను సమీక్షించి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. మీ ఉత్తరానికి ఎక్కువ విలువ ఉండేది ఈ దశలోనే. రాష్ట్ర పర్యావరణ శాఖ అయిన డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎకాలజీ ప్రకటనలు మీకు ఈమెయిల్‌లో అందేలా నమోదు చేసుకోండి. ఉత్తరంలో కోపం కంటే ఆధారాలు ఉండాలి: వాగు పేరు, ఏ ఉపయోగం తప్పుగా ఉందని మీరు భావిస్తున్నారు, అక్కడ పిల్లలు ఈదుతున్నారా, చేపలు పట్టి తింటున్నారా. అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అవసరం లేదు. హెచ్‌1బీ వీసాపై ఉన్నవారూ నిస్సంకోచంగా రాయవచ్చు.

రాష్ట్రం పంపిన ప్రమాణాలను ఈపీఏ 60 రోజుల్లో ఆమోదించాలి, లేదా 90 రోజుల్లో లోపాలను తెలియజేయాలి. ఆ తర్వాత మరో 90 రోజుల్లో రాష్ట్రం సరిదిద్దకపోతే ఈపీఏ తానే నిబంధన తయారుచేయవలసి ఉంటుంది. వాషింగ్టన్‌లో ఇలాంటి జోక్యం నిజంగానే జరిగింది. చేపలు తినేవారి ఆరోగ్యాన్ని దృష్టిలో పెట్టుకుని 2016లో రాష్ట్రం రాసిన ప్రమాణాల్లో కొన్నింటిని ఈపీఏ తిరస్కరించి, సొంత అంకెలను ప్రకటించింది. పీసీబీలనే విషపూరిత పారిశ్రామిక రసాయనాలకు రాష్ట్రం లీటరుకు 170 పికోగ్రాముల పరిమితి పెడితే ఈపీఏ 7 పికోగ్రాములే అన్నది. 2020లో ఆ ఫెడరల్ నిబంధనను ఉపసంహరించి, 2022లో మళ్లీ తెచ్చారు. వాషింగ్టన్ డీసీలో ప్రభుత్వం మారితే ఈ పరిశీలన తీరూ మారుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే రాష్ట్రస్థాయిలోనే గట్టి ప్రమాణం రాయించుకోవడం మేలు.

ఒక ప్రత్యేక కర్మాగారమో, మురుగుశుద్ధి కేంద్రమో మీ ఆందోళనకు కారణమైతే ప్రమాణాల సమీక్ష కోసం ఎదురుచూడనక్కరలేదు. వ్యర్థజలాలను నీటివనరుల్లోకి వదలడానికి దానికిచ్చే పర్మిట్ ముసాయిదాపై కనీసం 30 రోజులు అభిప్రాయాలు స్వీకరించాలి. వాషింగ్టన్‌లో ఈ పర్మిట్లు చాలావరకు ఎకాలజీ శాఖే ఇస్తుంది. ఫెడరల్ కేంద్రాలకు, అమెరికా ఆదివాసీ తెగల భూముల్లోని కేంద్రాలకు మాత్రం ఈపీఏ ఇస్తుంది.

చిత్తడి నేలల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2023లో శాకెట్ కేసులో సుప్రీంకోర్టు ఫెడరల్ రక్షణ పరిధిని కుదించింది. కానీ ఫెడరల్ చట్టం కంటే కఠినంగా ఉండే హక్కు రాష్ట్రాలకు ఉంది. ఒక చిత్తడి నేలను పూడ్చడం తమ పరిధిలోకి రాదని ఫెడరల్ అధికారులు చెబితే అక్కడితో ఆగిపోకుండా, రాష్ట్ర జల కాలుష్య నియంత్రణ చట్టం కింద అనుమతి తీసుకున్నారో లేదో ఎకాలజీ శాఖను రాతపూర్వకంగా అడగండి.