గడియారంతో పోటీపడే వడ్రంగం: అతుకుల్లో సమస్యలు, పరిష్కారాలు

టీవీలో వచ్చే వడ్రంగం పోటీలను మొదట ఎవరు గెలుస్తారోనన్న ఉత్కంఠతో చూస్తాను. తర్వాత రిమోట్ చేతిలో పెట్టుకుని వెనక్కి తిప్పుతూ, ఆపుతూ చూస్తాను. న్యాయనిర్ణేత వేలు అతుకు మీద నడుస్తూ ఒకచోట ఆగిందంటే అక్కడ లోపం ఉందన్నమాట. కానీ అది అక్కడ పుట్టి ఉండదు. వెనక్కి వెళ్లి వెతికితే పోటీదారు గీత గీసినప్పుడో, మొద్దుబారిన ఉలితోనే పని సాగించినప్పుడో దాని మూలం దొరుకుతుంది. కెమెరా సుత్తి దెబ్బను చూపించినంత ఇష్టంగా గీతను చూపించదు. అందుకే ఆ గీతను మనమే వెతుక్కోవాలి. ఇంట్లో అభిరుచితో చెక్కపని చేసేవాళ్లకూ ఇవే లోపాలు ఎదురవుతాయి కాబట్టి, కనిపించే లక్షణం నుంచి అసలు మూలానికి వెళ్లే దారిని ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: అతుకు పూర్తిగా మూసుకోదు, సన్నటి సందు మిగులుతుంది

చాలామంది రంపాన్ని అనుమానిస్తారు. నేను ముందు గీతను అనుమానిస్తాను. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది. మొన అరిగితే అది అర మిల్లీమీటరు దాకా పోతుంది. గీతకు ఏ వైపున కోయాలో ముందే తేల్చుకోకపోతే ఆ అర మిల్లీమీటరు నేరుగా అతుకులోకి వచ్చి కూర్చుంటుంది. రెండో కారణం, మూలమట్టాన్ని (లంబకోణం సరిచూసే L ఆకారపు పనిముట్టు) ఒకసారి ఈ అంచుకూ మరోసారి ఎదుటి అంచుకూ ఆనించడం. ఆ రెండు అంచులూ సమాంతరంగా లేకపోతే, పలక చుట్టూ తిప్పి గీసిన గీత మొదలైన చోటికి వచ్చి కలవదు.

పరిష్కారం పని మొదట్లోనే ఉంది. ఒక ముఖాన్నీ దాని పక్క అంచునూ సాపు చేసి వాటి మీద గుర్తు పెట్టండి. ఇక మూలమట్టమైనా గేజీ (అంచుకు సమాంతరంగా గీత గీసే పనిముట్టు) అయినా ఆ రెండింటికే ఆనాలి. చివరి గీతను కత్తి మొనతో గీయండి. తీసేయాల్సిన చెక్క వైపు నుంచి ఆ కత్తిగీత దాకా ఉలితో సన్నటి పెచ్చు లేపితే చిన్న గాడి పడుతుంది. రంపం అందులో కుదురుకుని పక్కకు జారదు. డవ్‌టెయిల్ అతుకుకైతే (పావురం తోక ఆకారపు పళ్లు ఒకదానిలో ఒకటి దిగే అతుకు), మొదట కోసిన ముక్కనే రెండో ముక్క మీద నిలబెట్టి దాని అంచుల వెంట గీయాలి. రెండింటినీ టేపుతో విడివిడిగా కొలిచి గీసే పోటీదారును చూసినప్పుడు, ఆ అతుకు కుదరదేమోనని నాకు అప్పుడే బెంగ మొదలవుతుంది.

మూలమట్టమే తప్పుగా ఉండే అవకాశమూ ఉంది. తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి, అదే బిందువు నుంచి మరో గీత గీయండి. రెండూ ఒకదానిపై ఒకటి పడకపోతే, వాటి మధ్య కనిపించే తేడా అసలు తప్పుకు రెట్టింపు.

సందు ఇప్పటికే వచ్చేసిందా? రంపపు పొట్టును జిగురులో కలిపి నింపడం వెంట్రుకవాసి సందుకే పనికొస్తుంది. వార్నిష్ పడ్డాక ఆ చోటు తరచూ ముదురు రంగులో తేలిపోతుంది. అంతకంటే వెడల్పయితే అదే చెక్క నుంచి సన్నటి బద్ద తీసి, నార దిశ కలిసేలా జిగురుతో దించి, ఆరాక ఉలితో సాపు చేయండి.

సమస్య: పొడిగా పెట్టినప్పుడు దిగిన అతుకు, జిగురు రాశాక సగంలో ఇరుక్కుపోతుంది

పోటీ ఆఖరి నిమిషాల్లో తరచూ కనిపించే దృశ్యం ఇదే. తెల్ల జిగురులో నీరు ఉంటుంది. ఆ నీటిని పీల్చి చెక్క ఉబ్బుతుంది. పొడిగా ఉన్నప్పుడే గట్టిగా కొడితే గానీ దిగని అతుకు తడిశాక మొండికేస్తుంది. పైగా మామూలు తెల్ల జిగురు పూశాక మన చేతిలో ఉండే సమయం దాదాపు ఐదు నుంచి పది నిమిషాలే. ఎనిమిది అతుకులున్న కుర్చీకి అది చాలదు.

జిగురు సీసా తెరవకముందే ఒకసారి అంతా పొడిగా బిగించి చూడండి. క్లాంపులు (జిగురు ఆరేదాకా ముక్కల్ని బిగించి పట్టే బిగింపులు) కావలసిన వెడల్పుకు తెరిచి, అడుగున పెట్టే చెక్క ముక్కలతో సహా వరుసగా పెట్టుకోండి. చేత్తో నెడితే చాలావరకు దిగి, చివర్లో చిన్న తట్టుతో కూర్చునేంత బిగువు చాలు. పెద్ద చట్రాన్ని దశలవారీగా అతికించండి: ముందు రెండు పక్కలు, అవి పట్టాక మధ్య కమ్మీలు. అతుకు ఇరుక్కున్నప్పుడు సుత్తి ఎత్తకండి. క్లాంపు వేసి నిదానంగా ఒత్తిడి పెంచితే తరచూ దిగుతుంది. దిగకపోతే వెంటనే విడదీసి, జిగురు తడిగుడ్డతో తుడిచి, బిగుసుకున్న చోట చెక్కండి. బిగించాక రెండు కర్ణాలూ కొలవండి. తేడా ఉంటే పొడవైన కర్ణం తగ్గే దిశలో క్లాంపును కాస్త వాలుగా తిప్పండి. ఇదంతా జిగురు పట్టేలోపే జరగాలి.

సమస్య: క్లాంపు తీయగానే అతుకు తెరుచుకుంటుంది

రోజంతా జరిగిన పోటీని టీవీ గంటలోపే చూపిస్తుంది. అందులో జిగురు ఆరే సమయం తెర మీద కనబడదు. అది చూసిన మనకు అరగంటే చాలనిపిస్తుంది. లాగుడు లేని అతుకుకు తెల్ల జిగురు అరగంట నుంచి గంటలో పట్టు ఇవ్వగలదు. పూర్తి బలం రావడానికి మాత్రం 24 గంటలు ఆగాలి. సన్నటి పట్టీలను అచ్చు చుట్టూ వంచి అతికించినప్పుడు, అవి మళ్లీ తిన్నగా అవ్వాలని నిరంతరం లాగుతూనే ఉంటాయి. అక్కడ తొందరపాటుకు చోటే లేదు. పట్టీలు ఎంత సన్నగా, ఎంత ఎక్కువ సంఖ్యలో ఉంటే వంపు అంత తక్కువగా వెనక్కి పోతుంది. ఆ కాస్త సడలింపును ముందే లెక్కలోకి తీసుకుని అచ్చును కొంచెం ఎక్కువ వంపుతో చేసుకోవాలి.

సమస్య: చిత్రిక పడుతుంటే చెక్క పెచ్చులుగా లేచిపోతుంది

ఇది కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. సాఫీగా జారే శబ్దం ఉన్నట్టుండి గరగరమని మారుతుంది. నార వాలుకు ఎదురుగా బ్లేడు నడిస్తే అది నార కిందికి దూరి, తెగక ముందే చెక్కను చీల్చుతుంది. పలకను తిప్పి వ్యతిరేక దిశ నుంచి ప్రయత్నించడం మొదటి మందు, బ్లేడుకు సానపట్టడం రెండోది. నార అటూ ఇటూ మెలికలు తిరిగిన చెక్కకు ఇవి చాలవు. బ్లేడు మీద బిగించే రెండో ఇనుప రేకును పదును అంచుకు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరం దాకా దించాలి. అంత దగ్గరగా ఉన్న రేకు లేచిన పొరను వెంటనే మడిచేయడంతో చీలిక ముందుకు పాకదు. జపాన్‌లోని యమగత విశ్వవిద్యాలయ పరిశోధకులు కవాయ్, కతో దీన్ని దగ్గరి నుంచి వీడియో తీసి చూపించారు. చెక్కపనిలో నన్ను బాగా కదిలించిన దృశ్యం అదే. పొర లేవడం, రేకుకు తగిలి ముడుచుకోవడం, కింద నున్నని తలం మిగలడం, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

సమస్య: అంతా బాగా కుదిరిన పలక కొన్నాళ్లకు వంగుతుంది, లేదా చీలుతుంది

టీవీ పోటీ ఈ లోపాన్ని ఎప్పటికీ చూపించలేదు, ఎందుకంటే తీర్పు ఆ రోజే వచ్చేస్తుంది. పచ్చి కలప పూర్తిగా ఆరేసరికి టేకు వార్షిక వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. తెల్ల ఓక్ విషయంలో ఇవి సుమారు 10.5, 5.6 శాతం. నిడివిలో మార్పు నామమాత్రం. ఆరబెట్టిన కలప కూడా గాలిలో తేమను బట్టి కొంత పెరుగుతూ తగ్గుతూనే ఉంటుంది. వెడల్పు పలకను చట్రంలో నాలుగు వైపులా అతికించేస్తే ఆ కదలికకు దారి ఉండదు, చివరికి చెక్కే చీలుతుంది.

కాబట్టి పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదలండి. బల్ల పైపలకను బిగించే స్క్రూలకు గుండ్రటి రంధ్రాలకు బదులు నార అడ్డం దిశలో పొడవాటి రంధ్రాలు చేయండి. వార్నిష్ పైనా కిందా రెండు ముఖాలకూ వేయండి. ఇప్పటికే వంగిన పలకను వెంటనే సాపు చేయకండి. రెండు ముఖాలకూ గాలి తగిలేలా కొన్ని రోజులు నిలబెట్టి చూడండి. తేమ తేడా వల్ల వచ్చిన వంపయితే తగ్గవచ్చు.

సమస్య: రంగు లేదా నూనె వేయగానే తెల్లటి మచ్చలు

ఇది చిన్న సంగతే. మచ్చల కింద ఎండిన జిగురు ఉంటుంది, అది నూనెను చెక్కలోకి దిగనివ్వదు. నూనెకు ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పక్కనుంచి దీపం పెట్టి చూస్తే బయటపడతాయి. ఉలితో గీకి తీసి, ఉప్పుకాగితం 120, 180, 220 నంబర్ల వరుసలో పట్టండి. లిన్‌సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. విప్పి పరిచి ఆరబెట్టండి.

సమస్య: కుర్చీ ఊగుతుంది

న్యాయనిర్ణేత కూర్చోగానే టక్కుమని శబ్దం. పొట్టిగా ఉన్న కాలిని ఊహించి మిగతావి ఒక్కొక్కటే కోస్తూ పోతే కుర్చీ పొట్టిదవుతుంది గానీ ఊగడం ఆగదు. ముందు కచ్చితంగా చదునైన తలం చూసుకోండి. ఎందుకంటే తప్పు కాలిది కాక నేలది కావచ్చు. ఆ తలం మీద కుర్చీని నిలబెట్టి, గాలిలో ఉన్న కాలి కింద సన్నటి ముక్కలు దోపి, కూర్చునే పలక సరైన వాలులో నిలిచేలా చేయండి. ఆ ముక్కల ఎత్తు కంటే మందమైన చెక్కదిమ్మ ఒకటి నేల మీద ఆనించి, దాని పైఅంచున పెన్సిల్ పెట్టి నాలుగు కాళ్ల చుట్టూ ఒకే ఎత్తులో గీత తిప్పండి. గీత దగ్గర కోసి, కోసిన అంచులను చిత్రికతో కొద్దిగా వాలుగా చెక్కండి. కుర్చీని లాగినప్పుడు కాలి అడుగున పెచ్చులు లేవకుండా ఉంటాయి.