సొంతంగా చైనీస్ – 5వ పాఠం: ఒక పేరును ముక్కలుగా విప్పడం

పోయిన పాఠంలో నాలుగు స్వరాలు (మాట పలికేటప్పుడు గొంతును ఎత్తే, దించే తీరులు) చూశాం. నోరు ఇంకా తిరగట్లేదా? టెన్షన్ పడకండి. ఈసారి ఒక్క పేరే పట్టుకుందాం: పేయ్‌చింగ్ తాష్యుయే, అంటే బీజింగ్ విశ్వవిద్యాలయం.

ఇంగ్లీషు స్పెల్లింగులో బి, జె కనబడతాయి కానీ, అక్కడివాళ్ల నోట ఆ శబ్దాలు మన ప, చ లకే దగ్గర. అందుకే ఇక్కడ చెవికి వినబడినట్టే రాస్తున్నాను.

పేయ్ ఉత్తరం, చింగ్ రాజధాని. తా పెద్ద, ష్యుయే చదువు. మన 'మహావిద్య' వరసే! 'తా'ను కసిరినట్టు కిందికి దించండి. 'ష్యుయే'ను "ఏంటీ?" అని అడిగినట్టు పైకి లేపండి.

1898లో క్వాంగ్‌షు చక్రవర్తి సంస్కరణల కాలంలో ఈ సంస్థ పుట్టినప్పుడు పేరు వేరు: చింగ్‌షి తాష్యుయేథాంగ్. చింగ్‌షి అన్నా రాజధానే, థాంగ్ అంటే శాల. సంస్కరణలు నూరు రోజులకే కూలిపోయాయి, చదువుల శాల మాత్రం మిగిలింది. 1900లో విదేశీయుల మీద చెలరేగిన బాక్సర్ల అల్లర్లలో మూతపడి, 1902లో మళ్లీ తెరుచుకుంది. 1912లో చక్రవర్తులూ పోయారు, పేరులోని థాంగూ పోయింది; చింగ్‌షి చోట పేయ్‌చింగ్ వచ్చింది. తర్వాత పేరుకు ముందు 'క్వోలీ' చేరింది. క్వో దేశం, లీ నిలబెట్టడం, కలిపితే 'జాతీయ'. 1917లో పగ్గాలు పట్టిన త్సాయ్ యువాన్‌పేయ్ దీన్ని కొత్త ఆలోచనల అడ్డాగా మార్చాడు. 1919 మే 4 విద్యార్థి ఉద్యమంలో ముందున్నది ఇక్కడివాళ్లే.

నాకు బాగా నచ్చే ముక్క ఇప్పుడొస్తుంది. 1928లో రాజధాని నాన్‌చింగ్‌కు తరలింది. రాజధాని కాని ఊరికి 'చింగ్' ఎందుకని ఊరి పేరు పేయ్‌ఫింగ్ అయింది (ఫింగ్ అంటే శాంతి; ఇక్కడ 'ఫ'ను ఒత్తు 'ప'గా పలకాలి). విశ్వవిద్యాలయాన్ని కూడా వేరే సంస్థలో కలిపేశారు. విద్యార్థులు ఊరుకోలేదు. 1929లో పాత పేరు తిరిగొచ్చింది. ఊరేమో పేయ్‌ఫింగ్, అందులో విద్యాలయమేమో పేయ్‌చింగ్!

చైనీయులు పొడుగు పేర్లను కత్తిరిస్తారు. పేయ్‌చింగ్ తాష్యుయేలో ఒక్కో మాట మొదటి అక్షరం తీసుకుంటే పేయ్‌తా. అందరూ పిలిచేది అలాగే.

అభ్యాసం: జపాన్‌తో యుద్ధంలో పేయ్‌తాతో సహా మూడు విశ్వవిద్యాలయాలు 1938లో కున్‌మింగ్ నగరం చేరి కలిసి నడిచాయి. ఆ ఉమ్మడి సంస్థ పేరు షీనాన్ ల్యెన్‌హ తాష్యుయే. షీ పడమర, నాన్ దక్షిణం, ల్యెన్‌హ ఉమ్మడి. అర్థం రాయండి. చివరి రెండు మాటలనే కత్తిరించి పొట్టిపేరు చేయండి. జవాబు 6వ పాఠం మొదట్లో.