రొయ్యలు, ఆల్చిప్పలతో స్టార్టర్ పెడుతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

నలుగురిని భోజనానికి పిలిచినప్పుడు మొదటి ప్లేటులో వెన్నలో వేగిన రొయ్యలో, అప్పుడే నోరు తెరిచిన మస్సెల్సో, బంగారు రంగు తేలిన స్కాలప్సో (రెండూ ఆల్చిప్పల్లాంటి గుల్లలే) పెడితే టేబుల్‌కే ఒక కళ వస్తుంది. వండటం కూడా పెద్ద పనేం కాదు, చాలావాటికి పది నిమిషాలు చాలు. కానీ వీటితో ఇబ్బంది వచ్చేది సరిగ్గా ఆ కళ కోసం మనం చేసే రెండు పనుల దగ్గరే. మెత్తగా, రసం పోకుండా ఉండాలని పూర్తిగా ఉడకకముందే దించేస్తాం. అందరూ వచ్చేసరికి రెడీగా ఉండాలని ముందే వండి, అలంకరించి, బయట పెట్టేస్తాం. భోజనమైతే పొయ్యి మీంచి తిన్నగా ప్లేటులోకి వస్తుంది, స్టార్టర్ మాత్రం కబుర్ల మధ్య ఒక్కో ముక్కా తింటూ ఉంటే గది వేడిలో అలాగే ఉండిపోతుంది. వీటికి తోడు పొయ్యి సరిచేయలేని ప్రమాదం ఇంకొకటి ఉంది, దాన్ని కొనే దగ్గరే ఆపాలి.

అన్నిటికంటే ముందు మెనూ కాదు, వచ్చేవాళ్ల సంగతి చూడండి. పిలిచేటప్పుడే ‘రొయ్యలు, పీతలు, గుల్లలు ఏవైనా పడవా’ అని ఒక్కొక్కరినీ అడగండి. వీటి ఎలర్జీ చాలామందికి చిన్నప్పుడు కాకుండా పెద్దయ్యాక మొదలవుతుంది, కాబట్టి ‘ఇదివరకు తిన్నాడు, ఏం కాలేదు’ అన్న మాటను నమ్ముకోలేం. ఎలర్జీకి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, అది ఎంత ఉడికించినా విరిగిపోదు. కొందరికి వండేటప్పుడు లేచే ఆవిరి పీల్చినా చాలు, ఊపిరి ఇబ్బంది మొదలవుతుంది. అలాంటివాళ్లు ఎవరైనా వస్తుంటే ‘నీకు వేరే చేశాంలే’ అనడం సరిపోదు, ఆ రోజుకు ఈ ఆలోచనే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అదే నూనె, అదే పట్టుకారు, అదే చెక్క మీద కోసిన నిమ్మకాయ, ఇలా ఎక్కడో ఒకచోట అంటుకునే తీరుతుంది. కాలేయ జబ్బు, షుగర్, కేన్సర్ చికిత్స, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు, గర్భం, పెద్ద వయసు, వీటిలో ఏది ఉన్నవాళ్లు వస్తున్నా పచ్చివీ సగం ఉడికినవీ అసలు టేబుల్ మీదికే రాకూడదు. ముఖ్యంగా కాలేయం దెబ్బతిన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

ఇప్పుడు ఏవి వండుతున్నారో చూసుకుందాం. రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు ఒక కోవ. ఆయిస్టర్లు (ఆల్చిప్పలు), మస్సెల్స్, క్లామ్స్, స్కాలప్స్ లాంటి రెండు చిప్పల గుల్లలు ఇంకో కోవ. ఈ రెండో కోవవి నీటిని వడకట్టుకుని బతుకుతాయి, పరిస్థితులు అనుకూలిస్తే ఒక్క ఆయిస్టర్ రోజుకు దాదాపు 190 లీటర్ల నీటిని వడకట్టగలదు. ఆ నీటిలో మురుగు కలిస్తే అందులోని వైరస్‌లు, బ్యాక్టీరియా దాని లోపల పేరుకుపోతాయి. స్కాలప్‌లో చాలామంది తినేది తెల్లటి కండ మాత్రమే, మిగతావాటిని పొట్టతో సహా మింగేస్తాం, అందుకే ఆయిస్టర్, మస్సెల్, క్లామ్ దగ్గర మరింత జాగ్రత్తగా ఉండమనేది.

1988లో షాంఘైలో ఏం జరిగిందో తెలిస్తే ఈ భయం ఊరికే కాదని అర్థమవుతుంది. మురుగు కలిసిన నీటిలో పెరిగిన క్లామ్స్‌ని అక్కడివాళ్లు వేడినీళ్లలో కాసేపు ముంచి, చిప్ప కాస్త తెరుచుకోగానే తినేశారు. దాదాపు 3 లక్షల మందికి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఎ వైరస్ సోకింది. చిప్ప తెరుచుకోవడం, లోపలి మాంసం ఉడకడం రెండూ ఒకటి కావు, మనవాళ్లలో చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. హెపటైటిస్ ఎ వైరస్, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ రెండూ వేడిని బాగా తట్టుకుంటాయి. గుల్లల్లో వాటిని నాశనం చేయడానికి లోపలి మాంసం 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, 90 సెకన్లు అలాగే ఉండాలన్నది పరిశ్రమలో పాటించే లెక్క. ఇంటి పొయ్యి మీద అయితే చిప్పలు తెరుచుకున్నాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరిగే నీటిలో ఉంచండి. ఆవిరి మీద వండితే నీళ్లు తెర్లడం మొదలైన తర్వాతే గిన్నెలో పెట్టి, 4 నుంచి 9 నిమిషాలు ఉంచండి. కాస్త గట్టిపడితే పడనివ్వండి. గిన్నె నిండా కుక్కితే మధ్యలో ఉన్నవి ఉడకవు, రెండు మూడు విడతలుగా వండుకోండి. చివరికీ తెరుచుకోనివి ఉంటే కత్తితో బలవంతంగా తెరవకండి, పారేయండి.

ఇక పొయ్యి సరిచేయలేని ప్రమాదం. కొన్ని రకాల సముద్రపు సూక్ష్మ నాచు విపరీతంగా పెరిగినప్పుడు అవి తయారుచేసే విషాలు ఈ గుల్లల్లో చేరతాయి. ఉడికించినా, వేయించినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విషం పోదు, రుచిలోనూ వాసనలోనూ తేడా తెలియదు. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ మస్సెల్స్ తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు, బతికినవాళ్లలో కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. కారణం డొమోయిక్ ఆసిడ్ అనే విషమని తర్వాత తేలింది. సాక్సిటాక్సిన్ అని ఇంకొకటుంది, అది నరాల మీద పనిచేసి ఊపిరి కండరాలను కూడా స్తంభింపజేయగలదు. కాబట్టి సరదాగా బీచ్‌కి వెళ్లి రాళ్లకు అంటుకున్నవి ఏరుకొచ్చి వండటం మాత్రం వద్దు. నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి ఫరవాలేదు అనుకోవడానికి లేదు, నీటి రంగు మారకుండా కూడా విషం ఉండొచ్చు. ఏ నీళ్లలో, ఏ తేదీన పట్టారో చెప్పగలిగే చోటే కొనండి. బస్తాకో ప్యాకెట్‌కో ట్యాగ్ ఉంటే అది పారేయకుండా దాచండి, దాని అవసరం తర్వాత రావచ్చు.

ఎండలు ముదిరే నెలలకు ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. సముద్రపు నీరు వేడెక్కితే విబ్రియో అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. దానికి మురుగుతో సంబంధం లేదు, శుభ్రమైన ఉప్పునీటిలోనూ ఉంటుంది. అందులో విబ్రియో వల్నిఫికస్ అనే రకం తీవ్రంగా సోకితే అయిదుగురిలో ఒకరు చనిపోతున్నారు. అందుకే పచ్చి ఆయిస్టర్లను ఐసు మీద పేర్చి నిమ్మకాయతో వడ్డించే పద్ధతి ఎంత అందంగా కనిపించినా, ఇంట్లో చేయకండి అనే చెబుతాను. నిమ్మరసం, ఘాటైన సాస్, పక్కన తాగే వైన్, ఇవేవీ ఆ బ్యాక్టీరియాను చంపవు. నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి రొయ్యలు తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తాయి, అది పులుపుకి ప్రోటీన్ గట్టిపడటమే, క్రిములు చావడం కాదు. ఆ రుచి కావాలంటే దారి ఉంది. రొయ్యలను మరిగే ఉప్పునీటిలో పూర్తిగా ఉడికించి, ఐసు నీళ్లలో వేసి తీసి, అప్పుడు నిమ్మరసం, ఉల్లి, కొత్తిమీరతో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా వడ్డించండి. తిన్నవాళ్లకు ఏమీ తక్కువైనట్టు అనిపించదు.

కొనేటప్పుడు ఇవి చివర్లో తీసుకోండి, ఐసు ఉన్న డబ్బాలో పెట్టి తిన్నగా ఇంటికి తెచ్చేయండి. గుల్లలు బతికుండాలి, చిప్ప మూసుకుని ఉండాలి, కాస్త తెరుచుకుని ఉంటే వేలితో తట్టండి, మూసుకుంటే బతికున్నట్టు, మూసుకోకపోతే వద్దు. పగిలినవీ వద్దు. పీతలు కాళ్లు కదిలించాలి, చచ్చిన పీత చాలా త్వరగా పాడవుతుంది. రొయ్యల్లో ఘాటైన అమోనియా వాసన వస్తే ఎంత చవకైనా వదిలేయండి. తల దగ్గర నల్లటి మచ్చలు మాత్రం చాలాసార్లు ఎంజైముల వల్ల వచ్చేవే, అవి కనపడగానే కుళ్లిపోయిందని అనుకోనక్కర్లేదు. ఆ మచ్చలు రాకుండా సల్ఫైట్లు అనే రసాయనాలు కలుపుతుంటారు, ఆస్తమా ఉన్న కొందరికి అవి పడవు, ప్యాకెట్ మీద చదివి కొనండి. నన్నడిగితే పదిమందికి పెట్టేటప్పుడు నమ్మకమైన ఫ్రోజెన్ రొయ్యలే నయం, ఎప్పుడు పట్టారో తెలియని ‘ఫ్రెష్’ కంటే అవి తరచుగా మంచి స్థితిలో ఉంటాయి. ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. మర్చిపోతే కవర్ గట్టిగా మూసి చల్లటి నీళ్లలో పెట్టి అరగంటకోసారి నీళ్లు మార్చండి, కరగగానే వండేయండి. గట్టు మీద వదిలేసి కరగబెట్టడం మాత్రం వద్దు.

ఇంటికి తెచ్చిన గుల్లలను మంచినీళ్లలో వేసి పెడితే చచ్చిపోతాయి, గాలాడని కవర్లో కట్టినా అంతే. వెడల్పు గిన్నెలో పరిచి తడిబట్ట కప్పి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్ 4 డిగ్రీలు దాటకూడదు. పైనున్న అరలో కాకుండా కింద పెడితే వాటి నీళ్లు ఇంకో తిండి మీద కారవు. క్లామ్స్‌లో ఇసుక ఉంటుంది, లీటరు నీటికి 30, 35 గ్రాముల ఉప్పు కలిపి అందులో కాసేపు ఉంచితే అవే కక్కేస్తాయి. మస్సెల్స్ అంచున వేలాడే పీచుని సరిగ్గా వండబోయేటప్పుడే లాగండి, చాలా ముందుగా లాగితే అవి ఎక్కువసేపు బతకవు. పీత డొప్ప తీశాక రెండు పక్కలా కనిపించే మెత్తటి మొప్పలు తీసేయండి.

చేతుల సంగతి చాలామంది పట్టించుకోరు. విబ్రియో తిండితోనే కాదు, గాయంలోంచి కూడా ఒంట్లోకి వస్తుంది. చేతికి తెగిన గాయం ఉంటే గ్లౌజు లేకుండా పచ్చివాటిని ముట్టుకోవద్దు, శుభ్రం చేస్తుండగా చిప్పో రొయ్య ముల్లో గుచ్చుకుంటే పని ఆపి సబ్బుతో బాగా కడగండి. ఆయిస్టర్ తెరవాలంటే వంటగది చాకు పనికిరాదు, జారితే అరచేతిలో దిగుతుంది. దానికని ఉండే పొట్టి మొద్దు కత్తి, కోత పడని గ్లౌజు, మందంగా మడిచిన తువ్వాలు, ఈ మూడూ ఉంటేనే మొదలుపెట్టండి. లేదా కొన్నచోటే తెరిపించుకుని వెంటనే వండండి. పచ్చివాటికి వాడిన చెక్క, కత్తి, సింకు వేడినీళ్లు, సబ్బుతో కడిగాకే సలాడ్ పని.

రొయ్యలు, స్కాలప్స్ దగ్గర భయం అంతగా ఉండదు, లోపల 63 డిగ్రీలు చేరితే చాలు. థర్మామీటర్ లేకపోతే రొయ్య గాజులా మెరవడం పోయి లోపలిదాకా తెల్లగా మారిందో లేదో ఒకటి కోసి చూడండి. స్కాలప్స్‌ని పేపర్ టవల్‌తో బాగా ఒత్తి తడి తీయాలి, తడితో వేడి నూనెలో పడితే చేతుల మీదికి, మొహం మీదికి చిట్లుతుంది, పైగా రంగూ రాదు. వైనో బ్రాందీయో పోసే వంటకమైతే పాన్‌ని మంట మీంచి పక్కకు తీసి, కొలిచి పెట్టుకున్న చిన్న కప్పుతో పోయండి. సీసాతో తిన్నగా పోస్తే మంట సీసాలోకి ఎగబాకవచ్చు.

వడ్డన దగ్గరే అసలు క్రమశిక్షణ కావాలి. శుభ్రం చేయడం, సాస్ చేయడం, ప్లేట్లు సర్దడం అన్నీ ముందే చేసుకుని, వండటం మాత్రం అందరూ కూర్చున్నాకే. ఒకేసారి పెద్ద పళ్లెం కాకుండా చిన్న చిన్న విడతలుగా తీసుకురండి. చల్లగా పెట్టేవాటి గిన్నెను ఐసులో కూర్చోబెట్టండి, ఐసు కరిగితే మార్చండి. బయట పెట్టినది రెండు గంటలు దాటితే పారేయాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. ‘ఇంకా బాగానే ఉందిగా’ అని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం, పొద్దున్నే వేడిచేసుకోవడం వద్దు. పచ్చి రొయ్యలు నానిన మసాలాను సాస్‌గా పోయాలనుకుంటే బాగా మరిగించి పోయండి. చిప్పలు వేసుకోవడానికి టేబుల్ మీద ఖాళీ గిన్నె పెట్టండి, పిల్లలున్నచోట రొయ్యల తోక, చిప్ప ముక్కలు మీరే తీసేసి ఇవ్వండి.

ఇంత చేసినా ఎవరికైనా తేడా చేస్తే ఆలస్యం చేయకండి. తింటుండగానే పెదవులు వాచడం, దద్దుర్లు, గొంతు బిగుసుకుపోవడం మొదలైతే అది ఎలర్జీ, వాళ్ల దగ్గర ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఉంటే వెంటనే వేయించి, తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పెదవులు, నాలుక, వేళ్లు తిమ్మిరెక్కి మాట తడబడితే ఇందాక చెప్పిన నాచు విషం పనిచేస్తోందని అనుమానించాలి, ఇంట్లో ఉండి చూద్దాం అనుకోకూడదు. వాంతులు, విరేచనాలు మాత్రమే అయితే ఓఆర్ఎస్ తాగిస్తూ గమనించండి, కానీ జ్వరం, రక్తం, చర్మం మీద బొబ్బలు కనిపించినా, ఆ మనిషికి కాలేయ జబ్బున్నా ఒక్క గంట కూడా ఆగొద్దు. డాక్టరుకు ఏం తిన్నారో, ఏ టైముకి తిన్నారో, పచ్చిదా ఉడికిందా చెప్పండి, దాచిన ట్యాగ్ చూపించండి, అదే ప్లేటులోంచి తిన్న మిగతావాళ్లందరికీ అప్పుడే ఫోన్ చేయండి.