శాఖా గ్రంథాలయాన్ని ఊరంతా కలిసే చోటుగా మార్చడం ఎలా?

వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు, కరీంనగర్ ప్రాంతాల్లో చాలా శాఖా గ్రంథాలయాల్లో ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. ముందు గదిలో దినపత్రికలు చదివే పెద్దలు, లోపలి బల్లల దగ్గర గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు తయారయ్యే యువతీయువకులు, వారి వెనుక తాళం వేసిన బీరువాల్లో పుస్తకాలు. పుస్తకం ఇంటికి తీసుకువెళ్లేవారు తక్కువ. ఏదైనా నేర్చుకోవడానికో, నేర్పడానికో, నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడానికో వచ్చేవారు ఇంకా తక్కువ. దీన్ని మార్చడానికి కొత్త భవనం కట్టేదాకా ఆగనవసరం లేదు. ఉన్న వేళలను, గదులను, ఊరిలోని పనిమంతులను కొత్తగా కూర్చుకుంటే చాలా దూరం వెళ్లవచ్చు. గ్రంథపాలకులు, ఉపాధ్యాయులు, కాలనీ సంఘాలవారు, సాధారణ పాఠకులు ఆ పనికి ఎలా పూనుకోవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. సభ జరపాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని శాసించిన నిజాం కాలపు గస్తీ నిశాన్ 53 అనే ఉత్తర్వు రోజుల్లో, తెలుగువారు ఒకచోట చేరి పత్రిక చదువుకోవడానికి, లోకం పోకడ మాట్లాడుకోవడానికి ఇటువంటి గ్రంథాలయాలే నీడనిచ్చాయి. కాబట్టి గ్రంథాలయంలో జనం కలిసి కూర్చోవడాన్ని విదేశీ వేడుకగా భావించనక్కర లేదు.

మొదట ఎవరు రావడం లేదో గమనించండి

ఒక వారం పాటు, పూటపూటకూ ఎవరు వస్తున్నారో, ఎంతసేపు ఉంటున్నారో, ఏం చేస్తున్నారో ఒక నోటుబుక్కులో రాయండి. హాజరు రిజిస్టరులోని సంతకాలను మాత్రమే లెక్కించడం చాలదు, ఎందుకంటే దినపత్రిక కోసం పది నిమిషాలు వచ్చిన వ్యక్తికీ, పొద్దంతా బల్ల వదలని అభ్యర్థికీ అందులో తేడా తెలియదు. తర్వాత గ్రంథాలయం బయటికి వెళ్లి, లోపలికి ఎన్నడూ రానివారిని అడగండి. బీడీలు చుట్టే నిజామాబాద్, జగిత్యాల ప్రాంతపు మహిళలకు వీలయ్యే వేళ ఒకటి, సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు వీలయ్యే వేళ మరొకటి. గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల దినచర్య షిఫ్టులను బట్టి మారుతుంది. ‘మీరు ఎందుకు రావడం లేదు?’ అని అడిగితే ఎవరైనా మొహమాటపడతారు. ‘మీకు ఏ పూట తీరిక ఉంటుంది, ఆ పూట ఏం నేర్చుకోవాలని ఉంది?’ అని అడిగితే పనికివచ్చే సమాధానం దొరుకుతుంది.

అనుమతి, డబ్బు సంగతి తేల్చుకోండి

తెలంగాణలో ప్రజా గ్రంథాలయాలకు ఆధారం 1960 నాటి గ్రంథాలయాల చట్టం. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. పంచాయతీలు, మునిసిపాలిటీలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. అంటే ఇంటి పన్ను కట్టే ప్రతివారూ గ్రంథాలయానికి చందాదారులే. మీ పురపాలక సంఘం వసూలు చేసిన మొత్తమెంత, సంస్థకు జమచేసినదెంత అన్నది సమాచార హక్కు చట్టం కింద అడిగి తెలుసుకోవచ్చు. నిలదీసే ధోరణిలో కాకుండా, రాబోయే సంవత్సరపు బడ్జెట్టుకు ఆధారంగా ఆ వివరాలు అడిగితే సిబ్బంది కూడా మీ పక్షాన నిలుస్తారు.

అనుమతి కోరుతూ సంస్థ కార్యదర్శికి రాసే అర్జీలో పెద్ద పెద్ద ఆశయాలు వద్దు. ఏ గది, ఏ రోజు, ఏ వేళ, ఎవరి బాధ్యత అన్న నాలుగు విషయాలతో మూడు నెలల ప్రయోగాన్ని ప్రతిపాదిస్తే చాలు. వరంగల్ నగరవాసులకు మరో ఆధారం కూడా ఉంది: 2022లో వరంగల్ యునెస్కో అభ్యసన నగరాల ప్రపంచ వేదికలో చేరింది. ఆ గుర్తింపును నగరపాలక సంస్థకు గుర్తుచేయడానికి ఇంతకన్నా తగిన సందర్భం ఉండదు. పుస్తకాలు, సామగ్రి విషయంలో గ్రంథాలయాలకు సాయం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థగా 1972లో ఏర్పడిన రాజా రామమోహన రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పథకాల గురించి జిల్లా గ్రంథాలయ సంస్థ ద్వారా వాకబు చేయాలి.

చప్పుడుకూ చదువుకూ వేళలు పంచండి

ఈ ప్రయత్నమంతా నిలిచేదీ కూలేదీ ఇక్కడే. నోటిఫికేషన్ మీద ఆశ పెట్టుకుని, అద్దె గదిలో చోటు చాలక, పొద్దున్నే వచ్చి బల్ల పట్టుకునే యువకుడికి పక్క గదిలో డప్పు మోగితే కోపం రావడం న్యాయమే. అతడిని అడ్డంకిగా చూసే ఏ ప్రణాళికా నాలుగు రోజులు నిలవదు, నిలవకూడదు కూడా. ఆ అభ్యర్థులకు గ్రంథాలయం తప్ప ఊరిలో మరో నెమ్మదైన చోటు లేదు.

రెండు గదులున్నచోట లోపలి గదిని పూర్తిగా నిశ్శబ్దానికి వదిలి, ముందు గదిని, వరండాను, ఆవరణలోని చెట్టు నీడను కార్యక్రమాలకు వాడుకోవాలి. ఒకే హాలు ఉన్నచోట వేళలను విభజించడం తప్ప దారి లేదు. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరచి, మధ్యాహ్నం మూసి ఉంటాయి. మూసి ఉండే ఆ మధ్యాహ్నాన్ని వారానికి రెండు రోజులు మహిళలకూ, ఆదివారం ఒక పూటను పిల్లలకూ కేటాయిస్తే చదువుకునేవారి వేళకు భంగం కలగదు. వేళల పట్టికను గోడకు అంటించే ముందు అభ్యర్థులనే పిలిచి చూపించండి. పెద్ద పరీక్షకు ముందు నెల రోజులు చప్పుడు చేసే కార్యక్రమాలేవీ ఉండవని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. అలా మాట దక్కించుకుంటే, వారిలోనే కొందరు బడిపిల్లలకు లెక్కలు చెప్పడానికి ముందుకు రావచ్చు.

అదనపు వేళల భారమంతా గ్రంథపాలకుడి నెత్తిన పడకూడదు. తాళం తీసేది ఎవరు, పంకాలు ఆపి తాళం వేసేది ఎవరు, పుస్తకం పోతే జవాబుదారీ ఎవరిది అన్నది ముందే రాసుకుని, కనీసం ఇద్దరు స్వచ్ఛంద సేవకులు ప్రతి పూటా సంతకం చేసే పద్ధతి పెట్టాలి.

ఊరికి తెలిసిన పనితో మొదలుపెట్టండి

పరాయి దేశాల్లో గ్రంథాలయాలు ఎంతో ముందుకు వెళ్లాయి. అమెరికాలోని చట్టనూగ నగరంలో పాత సామాను పేర్చిన నాలుగో అంతస్తును ఖాళీ చేసి ప్రయోగశాలగా మార్చారు. హెల్సింకీలో 2018 డిసెంబరులో తెరచిన ఊడి గ్రంథాలయంలో కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు, సంగీతం రికార్డు చేసుకునే గదులు ఉన్నాయి. వాటిని చూసి ముందుగా త్రీడీ ప్రింటరు కొనడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. బాగుచేసేవారు దొరకని యంత్రం కొన్నాళ్లకు దుమ్ము కొట్టుకుపోతుంది. కుట్టు మిషన్ అయితే అది చెడితే బాగుచేసే మనిషి ప్రతి మండల కేంద్రంలోనూ ఉంటాడు.

మన చుట్టూ ఉన్న పనితనం తక్కువదేమీ కాదు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవారు, పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీ చెక్కేవారు, కరీంనగర్‌లో వెండి తీగతో ఫిలిగ్రీ అల్లేవారు, చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఉన్నారు. వీటిలో గ్రంథాలయానికి అందరికన్నా దగ్గరి చుట్టం చేర్యాల పటమేనని చెప్పాలి, ఎందుకంటే కథ చెప్పేవారు ఊరూరా తిరిగి విప్పి చూపిస్తూ చెప్పడానికే ఆ పటం పుట్టింది. పటం గీయడం ఒక పూటలో అబ్బే విద్య కాదు. అయితే చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపి మాస్కు చేయడం పిల్లలకు సులువుగానే పట్టుబడుతుంది. మొదటి వారం కథ వినిపించి, రెండో వారం ఆ కథలోని పాత్రలకు మాస్కులు చేయించి, మూడో వారం పిల్లల చేతనే ఆడించండి. ఆ మూడు వారాలూ ఆ కథకు సంబంధించిన పుస్తకాలను బీరువాలోంచి తీసి పక్క బల్ల మీద పరచండి. పుస్తకంతో సంబంధం తెగిన కార్యక్రమం ఎంత బాగున్నా, అది గ్రంథాలయంలో జరగవలసిన అవసరమేమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది.

నేర్పడానికి వచ్చిన కళాకారుడికి కూలి ఇవ్వాలి. శాలువా కప్పి ఫొటో తీయడం మర్యాదే కానీ, ఆ రోజు మగ్గం దిగి వచ్చినందుకు పోయిన సంపాదనను శాలువా పూడ్చదు.

ఊరి జ్ఞాపకాలను పోగుచేయండి

ఏ పుస్తక దుకాణంలోనూ కొనలేని సంపద ఒకటి గ్రంథాలయంలో తయారుచేసుకోవచ్చు. బతుకమ్మ పాటలు వాడవాడకూ మారతాయి. వాటిని పాడే అవ్వలను పిలిచి, వారి అనుమతితో ఫోనులో రికార్డు చేసి, బడిపిల్లల చేత మాట పొల్లుపోకుండా రాయించి, పాడినవారి పేరు, ఊరు, తేదీ వేసి ఫైలు చేయండి. ఒగ్గు కథలు, మేడారం జాతరకు బండ్లు కట్టుకుని వెళ్లిన నాటి ముచ్చట్లు, చెరువుల కింద సేద్యం సంగతులు కూడా ఇలాగే సేకరించవచ్చు. ములుగు, ఆదిలాబాద్ వైపు కోయ, గోండి మాట్లాడేవారి పాటలను వారి భాషలోనే తెలుగు లిపిలో రాసి, పక్కన తెలుగు అర్థం చేర్చాలి. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లు దాటితే మన దేశంలో పుస్తకంపై కాపీరైట్ హక్కులు తీరిపోతాయి కనుక, అటువంటి పాత పుస్తకాలు మీ బీరువాలో ఉంటే స్కాను చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో చేర్చడం కాలేజీ విద్యార్థులకు మంచి పని.

ఫంక్షన్ హాలు కాకుండా కాపాడండి

చోటు ఉందని తెలిస్తే పుట్టినరోజు వేడుకలకూ, పార్టీ సమావేశాలకూ, అమ్మకాల ప్రచారానికీ అడిగేవారు తప్పక వస్తారు. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న నియమాలు మొదటి కార్యక్రమానికి ముందే రాసి గోడకు పెట్టండి: ప్రవేశం అందరికీ ఉచితంగా ఉండాలి, ఏ పార్టీ జెండా, ఏ దుకాణం ఫ్లెక్సీ ఆవరణలో కనిపించకూడదు, కార్యక్రమం ముగిసిన అరగంటలో గది మునుపటిలా సర్దాలి. కాదని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ కాగితాన్ని చూపిస్తే గ్రంథపాలకుడికి ఎవరితోనూ మాట పడే పని ఉండదు.

ప్రారంభానికి నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు అనువైన సమయం. ఆ రోజుల్లో పోటీలు, సభలు ఎలాగూ జరుగుతాయి. మూడు నెలల తర్వాత ఎంతమంది వచ్చారన్నదానితో పాటు, కొత్తగా ఎందరు సభ్యత్వం తీసుకున్నారు, ఎన్ని పుస్తకాలు ఇళ్లకు వెళ్లాయి, మానేసిన కార్యక్రమాలను ఎందుకు మానేశారు అన్నది ఒక ఫైలులో రాసి, ఒక ప్రతిని కార్యదర్శికి ఇచ్చి, మరొకటి గ్రంథాలయంలోనే ఉంచండి. గ్రంథపాలకులకు బదిలీలు తప్పవు. ఆ ఫైలును, తాళంచెవుల జాబితాను, సేవకుల ఫోను నంబర్లను కొత్తవారికి చేరిన మొదటి రోజే అప్పగించి, తర్వాతి వారపు కార్యక్రమాన్ని వారి సమక్షంలోనే జరపండి.