ప్యాక్డ్ బెడ్‌లో సన్నపొడి: సిమ్యులేషన్ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి

గోళీలు నింపిన గొట్టంలో, అంటే ప్యాక్డ్ బెడ్‌లో, సన్నపొడి ఎలా జారుతుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో ప్రయోగం చేసి, దాన్నే కంప్యూటర్ సిమ్యులేషన్‌తో పోల్చడం ఈ ప్రాజెక్టు. కడపలో దీన్ని ఎత్తుకునే విద్యార్థికి సరంజామా కొరత లేదు. ఒక అక్రిలిక్ గొట్టం, నిండా గోళీలు, పైనుంచి మంగంపేట ముగ్గురాయి పొడి, కిందినుంచి గాలి. తంటా అంతా కంప్యూటర్ దగ్గరే.

సమస్య: రన్ మొదలవగానే రేణువులు చెల్లాచెదురవుతున్నాయి.
టైమ్ స్టెప్, అంటే ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య వ్యవధి, పెద్దదైంది. రేణువు చిన్నదయ్యే కొద్దీ రేలీ టైమ్ (తాకిడి అల రేణువు ఉపరితలం మీద సాగడానికి పట్టే సమయం) తగ్గుతుంది కాబట్టి గోళీని కాదు, పొడిని చూసి లెక్కేయండి. టైమ్ స్టెప్‌ను రేలీ టైమ్‌లో 20 శాతం దాటనివ్వకండి.

సమస్య: సిమ్యులేషన్‌లో పొడంతా జారిపోతోంది, గొట్టంలో మాత్రం ఇరుక్కుంటోంది.
చాలామంది వెంటనే డ్రాగ్ (గాలి రేణువును నెట్టే బలం) ఫార్ములా మార్చేస్తారు. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సింది. ముందు సందు చూడండి. ఒకదానికొకటి తగిలిన మూడు గోళీల మధ్య, గోళీ వ్యాసంలో సుమారు 15.5 శాతం ఉన్న రేణువు వరకే దూరి పోగలదు, 16 మి.మీ. గోళీకి అది 2.5 మి.మీ. అంతకన్నా బాగా సన్నని పొడి ఒక్కో రేణువుగా వస్తే ఆగదు, గుంపుగా వస్తేనే అడ్డం పడుతుంది. కాబట్టి పొడి పోసే వేగం ప్రయోగంలో ఉన్నంతే పెట్టండి.

తర్వాత యంగ్స్ మాడ్యులస్, అంటే రేణువు గట్టిదనం. రన్ త్వరగా అయిపోవాలని దాన్ని మరీ తగ్గిస్తే, రేణువు గోళీలోకి చొచ్చుకుని పట్టని సందులోంచి కూడా దూరిపోతుంది. ఆ చొరబాటు రేణువు వ్యాసంలో 1 శాతం లోపే ఉండాలి. రోలింగ్ ఫ్రిక్షన్ (దొర్లడాన్ని ఆపే రాపిడి) సున్నాగా వదిలేయకండి, ముగ్గురాయి పొడి గుండ్రంగా ఉండదు. ఇక మన ఎండాకాలం పొడిగాలికి అక్రిలిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి పొడి గోడకు అంటుకుంటుంది. గాలికి కాస్త తేమ తగిలించి మళ్ళీ కొలవండి; సిమ్యులేషన్‌తో తేడా తగ్గితే తప్పు మోడల్‌ది కాదు.

సమస్య: సిమ్యులేషన్‌లో ప్రెషర్ డ్రాప్ (బెడ్ దాటేసరికి గాలి పీడనంలో తగ్గుదల) మానోమీటర్‌తో కొలిచినదాని కంటే తక్కువ వస్తోంది.
పొరాసిటీని, అంటే బెడ్‌లో ఖాళీ వాటాని, పుస్తకం చూసి 0.40 పెట్టి ఉంటారు. అది నిజానికి 0.38 అయితే, ఎర్గన్ 1952లో ఇచ్చిన సమీకరణం ప్రకారం ప్రెషర్ డ్రాప్ 20 నుంచి 25 శాతం పెరుగుతుంది. పొడి పోయకముందే గోళీల మధ్య ఎన్ని నీళ్ళు పడతాయో కొలవండి. దాన్నిబట్టి పొరాసిటీ పెట్టి, పొడి పేరుకునే కొద్దీ ఆ విలువ తగ్గించుకుంటూ పోండి. ఉల్టాగా మానోమీటరే తక్కువ చూపిస్తే గోడను అనుమానించాలి: గొట్టం వ్యాసం గోళీకి పదింతలైనా లేకపోతే గాలి గోడ వెంబడే ఎక్కువ పోతుంది.

సమస్య: మెష్ (గాలి లెక్క కోసం జాగాను గళ్ళుగా విడగొట్టే వల) సన్నం చేస్తే సాల్వర్, అంటే లెక్క కట్టే ప్రోగ్రామ్, కూలిపోతోంది.
సెల్, అంటే మెష్‌లో ఒక గడి, రేణువు కన్నా చిన్నదైతే అందులో ఖాళీ సున్నాకు పడిపోయి, డ్రాగ్ ఆకాశానికి ఎక్కుతుంది. సెల్‌ను పొడి రేణువుకు మూడింతలైనా ఉంచండి. గోళీలను కూడా సగటు పొరాసిటీలో కలిపేస్తే సందుల్లో గాలి ఎంత జోరుగా పోతుందో కనిపించదు. ప్రెషర్ డ్రాప్ ఒక్కటే కావాలంటే అది చాలు. పొడి ఎక్కడ ఇరుక్కుంటుందో తెలియాలంటే గోళీల చుట్టూ మెష్ వేయక తప్పదు.