కండరాలు సడలించే ఇంజెక్షన్: వయల్ తీసిన దగ్గర్నుంచి ట్యూబ్ తీసేదాకా

థియేటర్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లకీ, స్టాఫ్ నర్సులకీ, అనస్థీషియా పీజీలకీ మొదటిరోజే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ మందులు మత్తు ఇవ్వవు, నొప్పీ తగ్గించవు. నరం నుంచి కండరానికి వెళ్లే కబురును మధ్యలో ఆపేస్తాయి, అంతే. చెయ్యి ఆడదు, కనురెప్ప లేవదు, ఊపిరి ఆగిపోతుంది. వినికిడి, తెలివి, నొప్పి మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. 1947లో స్మిత్ అనే డాక్టర్ మెలకువగా ఉండగానే క్యూరారే అనే సడలింపు మందు పూర్తి మోతాదు ఎక్కించుకుని, కదల్లేకపోయినా అంతా తెలుస్తూనే ఉందని చూపించాడు. అందుకే వరుస మారకూడదు: ముందు ఆక్సిజన్, తర్వాత నిద్ర, ఆ తర్వాతే సడలింపు. అంబు బ్యాగ్ (చేత్తో ఊపిరి పోసే సంచి), సక్షన్ (నోట్లో ద్రవాలు లాగే యంత్రం), సరిపడే ట్యూబ్ చేతికందేలా లేకపోతే సిరంజి ముట్టుకోవద్దు.

స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్), అట్రాక్యూరియం, సిస్అట్రాక్యూరియం, రోక్యురోనియం ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వెక్యురోనియం పొడి కాబట్టి బయట ఉన్నా ఫర్వాలేదు. ఫ్రిజ్ నుంచి తీసిన వయల్ మీద ఆ రోజు తేదీ రాయండి. బయట ఎన్నాళ్లు పనికొస్తుందో కంపెనీ కరపత్రంలో ఉంటుంది. కరెంటు పోయి ఫ్రిజ్ వెచ్చబడ్డ రాత్రి తర్వాత స్కోలిన్ సరిగా పని చేయకపోతే, తప్పు రోగిది కాదు.

వీటిని మిగతా మందులతో కలిపి ట్రేలో పెట్టొద్దు. సిరంజికి ఎర్ర లేబుల్ అంటించాకే మందు లాగండి. రివర్సల్ (సడలింపును వెనక్కి తిప్పే) మందుల లేబుల్ ఎరుపు-తెలుపు చారలతో ఉంటుంది. 2017లో అమెరికాలోని టెనెస్సీలో స్కాన్‌కి వెళ్లిన రోగికి మిడజోలమ్ (మత్తు మందు) బదులు వెక్యురోనియం పడి ప్రాణం పోయింది. మందుల బీరువా కంప్యూటర్లో రెండు అక్షరాలు కొడితే మరో పేరు వచ్చింది, ఎవరూ వయల్ చదవలేదు. పొడిని నీళ్లలో కలపాల్సి రావడమే, చేతిలో ఉన్నది మిడజోలమ్ కాదన్న హెచ్చరిక. గట్టిగా చదివి ఇంకొకరికి వినిపించడానికి పట్టేది ఐదు సెకన్లు.

60 కిలోల మనిషి లెక్క చూద్దాం. వెక్యురోనియం కిలోకి 0.1 మి.గ్రా. చొప్పున 6 మి.గ్రా.; 4 మి.గ్రా. వయల్ ఒక్కటి చాలదు. 10 మి.గ్రా. పొడిని 10 మి.లీ.లో కలిపితే మి.లీ.కి 1 మి.గ్రా., లెక్క తప్పదు. అట్రాక్యూరియం కిలోకి 0.5 చొప్పున 30 మి.గ్రా.; 2.5 మి.లీ. ఆంప్యూల్‌లో ఉండేది 25 మాత్రమే. రోక్యురోనియం మామూలుగా 0.6, అంటే 36 మి.గ్రా. కడుపు నిండుగా ఉన్న ఎమర్జెన్సీలో 1.2, అంటే 72 మి.గ్రా.; 50 మి.గ్రా. వయళ్లు రెండు తీసుకోవాలి. ఒక్కటే లాగి మొదలుపెడితే సగం సడలిన గొంతులో ట్యూబ్ వేయాల్సి వస్తుంది. స్కోలిన్ కిలోకి 1–1.5 మి.గ్రా.; నిమిషంలోపే పట్టి, 5–10 నిమిషాల్లో వదులుతుంది. నిద్ర పుచ్చే థయోపెంటోన్ వెంటే వీటిని ఎక్కిస్తే లైన్లో తెల్లగా విరిగిపోతుంది. మధ్యలో సెలైన్‌తో కడగాలి.

స్కోలిన్ ఇచ్చే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కాలిన గాయాలై 24 గంటలు దాటాయా, పక్షవాతం వచ్చిందా, వెన్నుపాము దెబ్బతిందా, వారాల తరబడి మంచాన ఉన్నారా? అలాంటివారిలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. పురుగుల మందు తాగినవారి సంగతి మన ప్రాంతంలో ప్రతి క్యాజువాలిటీకీ తెలిసిందే. ఆ మందుల్లోని ఆర్గనోఫాస్ఫేట్ రకం ఒంట్లో ఉంటే స్కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పని చేయదు. నిమిషాల్లో పోవాల్సిన సడలింపు గంటల తరబడి ఉంటుంది. వారికి రోక్యురోనియం వాడటం మేలు, రివర్సల్‌కి నియోస్టిగ్మిన్ మాత్రం వద్దు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు తేల్చాయి. కాబట్టి "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడానికి చాలాసేపు పట్టిందా?" అని ముందురోజే అడగండి. అలా జరిగితే చేయాల్సింది వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగిస్తూ ఓపిగ్గా ఆగడం.

ఇక అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది చివర్లో, ట్యూబ్ తీసేటప్పుడు. తల ఎత్తించి, చెయ్యి పిసకమని చెప్పి "బాగానే ఉంది" అనుకుంటాం. కండరంలో గణనీయమైన సడలింపు మిగిలి ఉన్నా తల ఐదు సెకన్లు నిలబెట్టగలరు. నిజం తెలిసేది నరాన్ని ప్రేరేపించి చూసినప్పుడే. రోగి నిద్రపోయాక, సడలింపు మందు ఎక్కకముందే స్టిమ్యులేటర్ (నరానికి చిన్న షాక్‌లిచ్చే పరికరం) పెట్టాలి. మెలకువలో అది నొప్పి. మణికట్టులో చిటికెన వేలు వైపు స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, నల్ల ఎలక్ట్రోడ్ మడతకి ఒకటి రెండు సెం.మీ. పైన, రెండోది దానికి పైన అంటించండి. అరసెకనుకొకటి చొప్పున నాలుగు షాక్‌లు, 50–60 మిల్లీఆంపియర్లు. బొటనవేలు నాలుగుసార్లు అరచేతిలోకి ముడుచుకోవాలి. ఒక్కో కదలికా మునుపటి కంటే నీరసంగా వస్తే సడలింపు మిగిలే ఉంది. నాలుగో కదలిక బలం మొదటిదానిలో 0.4 వంతు దాకా ఉన్నప్పుడే మన కన్నూ వేలూ తేడా పట్టగలవు, ఆపైన మనకు సమానంగానే కనిపిస్తుంది. కావాల్సింది 0.9. అందుకే అంకె చూపే మానిటర్ ఉంటే దాన్నే నమ్మండి. ముఖం మీద పెట్టి చూస్తే కనుబొమ చేతికంటే ముందే కోలుకుని మోసం చేస్తుంది.

నియోస్టిగ్మిన్ కిలోకి 0.05 మి.గ్రా. (మొత్తం 5 దాటకుండా), దానివల్ల గుండె నెమ్మదించకుండా ప్రతి 1 మి.గ్రా.కి గ్లైకోపైరోలేట్ 0.2 మి.గ్రా. అంటే 60 కిలోలకి నియోస్టిగ్మిన్ 3, గ్లైకోపైరోలేట్ 0.6 మి.గ్రా. నాలుగు కదలికలూ వచ్చాకే ఇవ్వాలి. ఒక్కటే వస్తున్నప్పుడు ఎంత ఇచ్చినా లాభం లేదు. ఇచ్చాక కనీసం 10 నిమిషాలు ఆగాలి. మరో రివర్సల్ మందు సుగమాడెక్స్ రోక్యురోనియం, వెక్యురోనియం మీద మాత్రమే పని చేస్తుంది, అట్రాక్యూరియం మీద కాదు. రెండు కదలికలుంటే కిలోకి 2 మి.గ్రా., అంతకంటే లోతుగా ఉంటే 4. ట్యూబ్ వేయలేక రోక్యురోనియంను వెంటనే తిప్పాలంటే 16. 60 కిలోలకి 960 మి.గ్రా., 200 మి.గ్రా. వయళ్లు ఐదు. ఒక్క వయల్ దాచుకుని ధైర్యంగా ఉండొద్దు.

కాన్పు రోగికి మెగ్నీషియం ఎక్కుతున్నా, అమికాసిన్, జెంటామైసిన్ ఇచ్చినా, ఒళ్లు చల్లబడినా సడలింపు ఎక్కువసేపు ఉంటుంది. వార్డుకి పంపే ముందు కాన్యులాను, త్రీవేను (దానికి తగిలించే మూడు దారుల కుళాయిని) సెలైన్‌తో కడగండి. అందులో మిగిలిన అర మి.లీ. వెక్యురోనియం తర్వాతి యాంటీబయాటిక్‌తో పాటు వార్డులో లోపలికెళ్తే అక్కడ ఊపిరి ఆగిపోవచ్చు.

ఐసీయూలో ఇది ఇంకా అరుదుగా వాడాల్సిన మందు. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు వాచి ఆక్సిజన్ అందని జబ్బు) 48 గంటల సిస్అట్రాక్యూరియం మేలు చేసిందని 2010లో ఫ్రాన్స్ ట్రయల్ చెప్పింది, 2019లో అమెరికా ట్రయల్‌లో ఆ మేలు కనిపించలేదు. అందుకని ఆక్సిజన్ నిలవనివారికే ఇస్తారు. ఇన్ఫ్యూజన్ నిమిషానికి కిలోకి 1–3 మైక్రోగ్రాములు, లోతైన మత్తు కుదిరాకే మొదలుపెట్టాలి. ట్యూబ్ ఊడితే రోగి అరవలేరు, పెనుగులాడలేరు, అలారం ఆపొద్దు. ఫిట్స్ వచ్చినా బయటికి కనిపించవు. కళ్లలో ఆయింట్‌మెంట్ వేసి రెప్పలు మూయాలి, ఒళ్లు తిప్పుతూ ఉండాలి, పిలిచి మాట్లాడుతూ ఉండాలి. స్టెరాయిడ్లు కూడా నడుస్తుంటే కండరాల బలహీనత వారాల తరబడి మిగలొచ్చు కాబట్టి, రోజూ కాసేపు ఆపి చూద్దామా, ఇంకా అవసరమేనా అని డాక్టర్‌ని అడగండి.